పొత్తా, కూటమా, సంకీర్ణమా? అలయన్స్, కోయలిషన్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రెండు ఇంగ్లిషు మాటల చుట్టే తిరిగాయి. పోటీ పరీక్షలు రాసేవాళ్లు, విలేకరులు, టీచర్లు, పెళ్లి ప్రకటన రాసుకుంటున్న ఒక తల్లి కూడా అడిగారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపేశాం. ఇంగ్లిషు మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం.

ప్రశ్న: "అలయన్స్ అంటే శాశ్వతం, కోయలిషన్ అంటే తాత్కాలికం" అని కోచింగ్ నోట్సులో ఉంది. పేపర్లో చూస్తే ఎన్నికల ముందు కుదిరి, ఫలితాలు రాగానే తెగిపోయే పొత్తును కూడా అలయన్స్ అనే రాస్తున్నారు. ఏది నమ్మాలి సార్?
– గ్రూప్స్ అభ్యర్థి, హనుమకొండ

జవాబు: పేపర్ని నమ్మండి. నోట్సులో ఉన్నది సగం నిజం, పరీక్షలో ముంచేది ఆ సగమే. ఆస్ట్రేలియాలో లిబరల్, నేషనల్ పార్టీల జోడీని అక్కడివాళ్లు దశాబ్దాలుగా "ది కోయలిషన్" అనే పిలుస్తున్నారు. ఇక్కడ 2018 అసెంబ్లీ ఎన్నికలకు కాంగ్రెస్, టీడీపీ, తెలంగాణ జన సమితి, సీపీఐ కలిసి ప్రజాకూటమి కట్టాయి. ఇంగ్లిషు పత్రికలు దాన్ని అలయన్స్ అన్నాయి. ఆ ఒక్క ఎన్నికతోనే దాని కథ ముగిసింది. కాలంతో కొలిస్తే రెండూ తిరగబడతాయి.

కలిసినవాళ్లు ఏం చేస్తున్నారో చూడాలి. ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి పొయ్యి వాళ్లది, కష్టమొస్తే ఒకరి వెనక ఒకరు నిలబడతామని మాట ఇచ్చుకున్నారు: అది అలయన్స్. ఒక పని నెత్తికెత్తుకొని, ఆ పని ఉన్నన్నాళ్లు ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు: అది కోయలిషన్. పని ప్రభుత్వం నడపడం కావచ్చు, యుద్ధం కావచ్చు, ఉద్యమం కావచ్చు. మాటల పుట్టుక కూడా ఇదే చెబుతుంది. అలయన్స్‌కు మూలమైన లాటిన్ మాటకు "కట్టు, ముడివేయు" అని అర్థం. కోయలిషన్‌కు మూలమైన మాటకు "కలిసి పెరుగు, ఒక్కటిగా అతుక్కొను" అని అర్థం.

ఈ తేడా బాగా కనిపించేది 2003 ఇరాక్ యుద్ధంలో. నాటో 1949 ఏప్రిల్ 4న 12 దేశాల సంతకాలతో పుట్టిన అలయన్స్. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీద జరిగినట్టే లెక్క అని దాని అయిదో అధికరణం చెబుతుంది. ఇరాక్ మీదికి అమెరికా వెళ్లినప్పుడు ఫ్రాన్స్, జర్మనీ రాలేదు. అయినా అవి నాటోలోనే, అమెరికాకు మిత్రదేశాలుగానే ఉన్నాయి. నాటోలో లేని ఆస్ట్రేలియా తన సైన్యాన్ని పంపింది. అమెరికా వెంట వెళ్లిన ఆ గుంపుకు "కోయలిషన్ ఆఫ్ ది విల్లింగ్" అని పేరు, అంటే ఇష్టపడి వచ్చినవాళ్ల జట్టు. ఒకే సమయంలో ఫ్రాన్స్ అలయన్స్‌లో ఉండి కోయలిషన్‌లో లేదు, ఆస్ట్రేలియా కోయలిషన్‌లో ఉండి ఆ అలయన్స్‌లో లేదు. రెండు మాటలకు తేడా రాయమంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత పేపరుగా ఉండే జనరల్ ఇంగ్లిషుకు మీకు కావలసింది అర్థం కంటే మాటల పొందిక. అలయన్స్ తర్వాత ఎవరితో అని చెప్పడానికి "విత్", రెండు పక్షాలనూ చెప్పేటప్పుడు "బిట్వీన్" వస్తాయి. కోయలిషన్ తర్వాత ఎవరెవరు ఉన్నారో చెప్పాలంటే "ఆఫ్" వాడాలి: "ఎ కోయలిషన్ ఆఫ్ ఫైవ్ పార్టీస్". "ఫార్మ్" రెండింటికీ నడుస్తుంది. "ఫోర్జ్", "ఎంటర్ ఇంటూ" అలయన్స్‌కు అతికినంత బాగా కోయలిషన్‌కు అతకవు. "లీడ్", "హెడ్" కోయలిషన్ పక్కన ఎక్కువ కనిపిస్తాయి, దానికొక పెద్ద ఉంటాడు కాబట్టి. "ఇన్ అలయన్స్ విత్", "ఇన్ కోయలిషన్ విత్" అన్నప్పుడు మధ్యలో "యాన్", "ఎ" పెట్టకూడదు. తప్పులు పట్టే ప్రశ్నల్లో దీన్ని ఇష్టంగా అడుగుతారు.

ఇంకో తప్పు మన దగ్గర విపరీతం: "అలయన్స్డ్ విత్". అలాంటి క్రియ లేదు. "అలైడ్ విత్" అనండి, లేదా "ఫార్మ్డ్ యాన్ అలయన్స్ విత్" అనండి. కోయలిషన్‌కు క్రియగా "కోయలిషన్డ్" కూడా లేదు. "కోయలెస్" అనే క్రియ ఉంది గానీ దానికి అర్థం కలిసిపోవడం, చిన్న చిన్న నీటి బొట్లు ఒక్కటైనట్టు. పార్టీలు ప్రభుత్వం కట్టాయని చెప్పడానికి అది పనికిరాదు.

ప్రశ్న: తెలుగులో "కూటమి ప్రభుత్వం" అని వస్తే ఇంగ్లిషు డెస్కుకు "అలయన్స్ గవర్నమెంట్" అని పంపిస్తున్నా. దాన్ని కోయలిషన్ అని దిద్దుతున్నారు. కూటమి అంటే అలయన్సే కదా?
– విలేకరి, మంచిర్యాల

జవాబు: డెస్కుదే సరైన దిద్దుబాటు. చిక్కు ఎక్కడుందంటే, ఇంగ్లిషు ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట తెలుగుకు రెండున్నాయి. కలవాలన్న ఒప్పందం పొత్తు. అలా కలిసి ఏర్పడిన గుంపు కూటమి. పొత్తు కుదురుతుంది, తెగుతుంది, వికటిస్తుంది. కూటమి ఏర్పడుతుంది, గెలుస్తుంది, చీలుతుంది. ఇంగ్లిషు రెంటినీ అలయన్స్ అనే అంటుంది. ఆ కూటమి గద్దెనెక్కి మంత్రి పదవులు పంచుకున్నాక ఆ ప్రభుత్వం కోయలిషన్ గవర్నమెంట్, తెలుగులో సంకీర్ణ ప్రభుత్వం. ఈమధ్య, ముఖ్యంగా 2024 తర్వాత ఆంధ్రప్రదేశ్ వార్తల్లో, "సంకీర్ణ" పక్కకు పోయి "కూటమి ప్రభుత్వం" స్థిరపడింది. తెలుగులో అది తప్పేం కాదు, చెవికి తేలిగ్గా ఉంది కూడా. ఇంగ్లిషులోకి వెళ్లేటప్పుడు మాత్రం కోయలిషన్ గవర్నమెంటే, లేకుంటే నేరుగా "ఎన్డీఏ గవర్నమెంట్".

ఒకే పార్టీ ప్రయాణంలో మాట ఎలా మారుతుందో చూడండి. 2004 ఎన్నికల ముందు కాంగ్రెస్‌తో టీఆర్‌ఎస్ కుదుర్చుకున్నది పొత్తు, అంటే ప్రీ-పోల్ అలయన్స్. గెలిచాక హైదరాబాదులోనూ ఢిల్లీలోనూ మంత్రివర్గాల్లో చేరింది కాబట్టి కోయలిషన్ పార్ట్‌నర్. రాష్ట్ర మంత్రివర్గం నుంచి 2005లో, కేంద్ర మంత్రివర్గం నుంచి 2006లో బయటకు వచ్చేసింది. ఆ తర్వాతి వార్తలో దాన్ని పార్ట్‌నర్ అంటే తప్పు, "ఫార్మర్ అలై", అంటే మాజీ మిత్రపక్షం అనాలి.

బ్రిటన్‌లో 2010లో దీనికి తిరగేసి జరిగింది. కన్సర్వేటివ్‌లు, లిబరల్ డెమొక్రాట్లు ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ చేశారు. ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో ఫలితాల తర్వాత కూర్చొని, ఒప్పందం కాగితం మీద రాసుకొని 2015 దాకా ప్రభుత్వం నడిపారు. అక్కడ ముందు పొత్తు లేదు, కోయలిషన్ మాత్రం ఉంది. "పొత్తు లేకుండా సంకీర్ణం ఎట్లయితది" అని అడిగేవాళ్లకు ఇదే సమాధానం.

విలేకరులు తడబడే మూడో చోటు, బయటి నుంచి మద్దతు. 2004 నుంచి 2008 జులై దాకా వామపక్షాలు యూపీఏకు అలా మద్దతిచ్చాయి, అణు ఒప్పందం దగ్గర వెనక్కి తీసుకున్నాయి. వాటికి మంత్రి పదవులు లేవు. కాబట్టి అవి కోయలిషన్ పార్ట్‌నర్లు కావు, "పార్టీస్ సపోర్టింగ్ ఫ్రమ్ అవుట్‌సైడ్". "లెఫ్ట్ అలైస్" అని పత్రికలు రాసేవి, అది చెల్లుతుంది, ఎందుకంటే అలై మాట వదులుగా ఉంటుంది. కోయలిషన్ మాట అంత వదులు కాదు.

ప్రశ్న: పి.వి. నరసింహారావు గారిది సంకీర్ణ ప్రభుత్వమేనా?
– ఇంటర్ విద్యార్థిని, నర్సంపేట

జవాబు: కాదమ్మా. మీ నర్సంపేట పక్కనే లక్నేపల్లిలో పుట్టిన పి.వి. 1991లో నడిపింది మైనారిటీ ప్రభుత్వం. మెజారిటీకి సరిపడా సీట్లు లేకున్నా కాంగ్రెస్ ఒక్కటే గద్దె మీద కూర్చుంది. పదవుల్లో వాటా పొందిన రెండో పార్టీ లేనప్పుడు కోయలిషన్ అనరు.

ప్రశ్న: పిల్లలకు ఈ రెండు మాటల స్పెల్లింగు, ఉచ్చారణ ఎంత చెప్పినా కుదరడం లేదు. టీవీల్లోనే తలా ఒక రకంగా పలుకుతున్నారు.
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, ములుగు

జవాబు: టీవీని వదిలేయండి మాస్టారూ, అక్కడ రోజుకో సంకీర్ణ ప్రభుత్వం "కొలిజన్ గవర్నమెంట్" అయి గుద్దుకుంటోంది. సరదాకు కాదు, నిజంగానే ఆ మాటకు ఢీకొనడం అని అర్థం. కోయలిషన్‌లో నాలుగు ముక్కలు: కో, అ, లి, షన్. బలం "లి" మీద పడాలి. మధ్యలోని "అ" మింగేస్తే మూడు ముక్కలే మిగిలి ఢీకొట్టే మాటకు దగ్గరవుతుంది. ఢీకొనడం అనే మాటకు చివర "టెలివిజన్"లో వినిపించే "జన్" ఉంటుంది, కోయలిషన్‌కు "స్టేషన్"లో వినిపించే "షన్" ఉంటుంది. బోర్డు మీద నాలుగు ముక్కలూ విడగొట్టి రాసి, ఒక్కో ముక్కకు చప్పట్లు కొట్టిస్తే కుదురుతుంది.

రాతలో రెండు తప్పులు తరచుగా వస్తాయి. కోయలిషన్‌లో "ఓ" తర్వాతి "ఏ" వదిలేయడం ఒకటి, "ఎల్" రెండుసార్లు వేయడం ఇంకొకటి. వరస ఇది: సి, ఓ, ఏ, ఎల్, ఐ, టి, ఐ, ఓ, ఎన్. ఇందులో ఎల్ ఒకటే.

అలయన్స్‌లో ఎల్ రెండు. అక్కడ పిల్లలు "ఐ, ఏ"లను తారుమారు చేస్తారు. దానికొక పనికొచ్చే దారి ఉంది. "రిలై"లో చివరి వై తీసేసి ఐ పెట్టి, వెనక ఏ, ఎన్, సి, ఈ చేరిస్తే "రిలయన్స్". "కంప్లై"కి అలాగే చేస్తే "కంప్లయన్స్". "అలై"కి చేస్తే "అలయన్స్". ఈ మూడూ ఒకదాని కింద ఒకటి రాయిస్తే ఐ ముందు, ఏ వెనక అని పిల్లలే కనిపెడతారు. పలికేటప్పుడు అ, లై, అన్స్, బలం "లై" మీద.

ఇక అలై. మిత్రుడు, మిత్రపక్షం అనే అర్థంలో నామవాచకంగా పలికితే మొదటి ముక్క మీద బలం: "యాలై". చేతులు కలపడం అనే క్రియగా వాడితే రెండో ముక్క మీద: "అలై". దీన్ని "యాలీ" అని చదివితే మాత్రం గల్లీ అయిపోతుంది. గల్లీకి ఇంగ్లిషులో ఉన్న మాట అదే, దాని స్పెల్లింగులో వై ముందు ఈ ఉంటుంది. బహువచనంలో కూడా తేడా పట్టించుకోవాలి. మిత్రులకు వై పోయి ఐ, ఈ, ఎస్ వస్తాయి. గల్లీలకు వై అలాగే ఉండి ఎస్ చేరుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలోని మిత్రరాజ్యాలను రాసేటప్పుడు మొదటి ఏ పెద్దక్షరం కావాలి.

లోహపు మాట "యాలాయ్" కూడా ఆ లాటిన్ "ముడివేయు" నుంచే వచ్చింది. పెంబర్తి కళాకారుల చేతిలోని ఇత్తడి రాగి, జింకు కలిసిన యాలాయ్. పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది, పరీక్షకు అక్కర్లేదు.

ప్రశ్న: మా పాప సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఇంగ్లిషు పేపర్లో, మ్యాట్రిమోనీ సైటులో ప్రకటన ఇద్దామనుకుంటున్నాం. "సీకింగ్ అలయన్స్" అని రాస్తే అమెరికాలో పెరిగిన అబ్బాయిలకు అర్థం కాదని మా తమ్ముడు అంటున్నాడు. రాజకీయ పార్టీల మాట పెళ్లికి ఎట్లొచ్చింది?
– గృహిణి, జగిత్యాల

జవాబు: పెళ్లి మాటే అమ్మా, రాజకీయాలు తర్వాత పట్టుకున్నాయి అన్నా తప్పులేదు. ఇంగ్లిషులో అలయన్స్ చాలా పాత కాలం నుంచీ రెండు వంశాలు పెళ్లితో ముడిపడటానికి కూడా వాడిన మాట. అది మన వియ్యం. "కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ కావాలె" అంటాం కదా, ఆ కయ్యం పక్కన నిలబడే తోడు, ఆ వియ్యం, రెండూ అలయన్స్‌లో ఉన్నాయి. ఇంగ్లండులో, అమెరికాలో పెళ్లి అర్థం చరిత్ర పుస్తకాలకే పరిమితమైపోయింది. మన దేశంలో మాత్రం పేపర్ల పెళ్లి కాలమ్‌లలో ఇంకా బతికే ఉంది.

మీ తమ్ముడి మాటలో నిజముంది. ఇక్కడి పేపరుకు "అలయన్స్ ఇన్వైటెడ్ ఫర్" అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, మాట మర్యాదగా కూడా ఉంటుంది. అమెరికాలో పుట్టి పెరిగిన అబ్బాయి చదివే చోట "పేరెంట్స్ సీక్ ఎ సూటబుల్ మ్యాచ్ ఫర్ దెయిర్ డాటర్" అని రాయండి. "మ్యాచ్" ఎక్కడైనా చెల్లుతుంది.

మూడు చోట్ల జాగ్రత్త పడండి. "మంచి సంబంధాలు వస్తున్నాయి" అని చెప్పడానికి "గెటింగ్ గుడ్ అలయన్సెస్" మన దగ్గర నడుస్తుంది, బయట నడవదు. దానికి బదులు "ప్రపోజల్స్" అందామంటే, అక్కడ ప్రపోజల్ అంటే అబ్బాయి స్వయంగా అమ్మాయిని పెళ్లి చేసుకుంటావా అని అడగడం. "మా పాప నాలుగు ప్రపోజల్స్ కాదంది" అంటే నలుగురు అబ్బాయిలు ఆమె వెంట పడ్డారని అనుకుంటారు. రెండోది, "సంబంధం ఖాయమైంది" అనడానికి "అలయన్స్ ఈజ్ ఫిక్స్‌డ్" వద్దు, "ది మ్యారేజ్ ఈజ్ సెటిల్డ్" అనండి. మూడోది, ఎంత మిత్రత్వం ఉన్నా పెళ్లికి కోయలిషన్ ఎప్పటికీ పనికిరాదు. వియ్యాలవారు కలిసి ప్రభుత్వం నడపరు కదా. కొన్ని ఇళ్లల్లో నడుపుతారనుకోండి, అయినా ఆ మాట వాడరు.

ప్రశ్న: కాకతీయుల పెళ్లిళ్ల దగ్గర్నుంచి సైన్య సహకార పద్ధతి దాకా అన్నిటికీ అలయన్స్ అనే రాస్తున్నాం. తళ్లికోట యుద్ధం దగ్గర ఒక పుస్తకంలో అలయన్స్, ఇంకో దాంట్లో కోయలిషన్, మరో దాంట్లో కాన్ఫెడరసీ ఉంది. ఏది రాయాలి?
– డిగ్రీ చరిత్ర విద్యార్థి, వరంగల్

జవాబు: తళ్లికోట దగ్గర మూడూ సరైనవే, కాకపోతే అవి వేర్వేరు విషయాలను చెబుతున్నాయి. 1565కు ముందు అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని బీజాపూర్ అలీ ఆదిల్ షాకు ఇచ్చి, షోలాపూర్‌ను కట్నంగా అప్పజెప్పాడు. అలీ చెల్లెలు హుస్సేన్ కొడుక్కి వెళ్లింది. ఇది అలయన్స్, అదీ వియ్యపు అలయన్స్. ఆ ముడి గట్టిపడ్డాక గోల్కొండ, బీదర్ కూడా కలిసి నాలుగు సైన్యాలుగా విజయనగరం మీదికి నడిచాయి. ఆ ఉమ్మడి సైన్యం కోయలిషన్. ఎవరి రాజ్యం వారిదే అయినా గుంపుగా కట్టుబడిన తీరును చెప్పాలనుకున్న చరిత్రకారుడు కాన్ఫెడరసీ అంటాడు. విజయం తర్వాత ఆ సుల్తానులు మళ్లీ కొట్టుకున్నారు, కోయలిషన్ పని అయిపోయింది కాబట్టి. జవాబు పత్రంలో "మ్యాట్రిమోనియల్ అలయన్స్" అని పెళ్లిళ్ల దగ్గర, "కోయలిషన్" అని రణరంగం దగ్గర రాస్తే మీకు తేడా తెలుసని దిద్దేవారికి అర్థమవుతుంది.

కాకతీయుల దగ్గర కోయలిషన్‌కు చోటు లేదు. గణపతిదేవుడు రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి, గణపాంబను కోట వంశపు బేతరాజుకు ఇచ్చి తీరాంధ్రలో పట్టు బిగించాడు. ఇవి మ్యాట్రిమోనియల్ అలయన్స్‌లు.

సైన్య సహకార పద్ధతి, అంటే ఇంగ్లిషులో సబ్సిడియరీ అలయన్స్ దగ్గర మాత్రం మీరు పదాన్ని కాస్త అనుమానంగా చూడాలి. 1798లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లస్లీతో నిజాం కుదుర్చుకున్నది పేరుకే స్నేహం. కంపెనీ సైన్యం హైదరాబాదులో ఉంటుంది, ఖర్చు నిజాందే, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న దళాలను రద్దు చేయాలి. "సబ్సిడియరీ" అనే విశేషణం వచ్చింది ఈ ఖర్చు నుంచే, సబ్సిడీ అంటే ఇక్కడ సైన్యానికి కట్టే సొమ్ము. 1800లో ఆ సొమ్ముకు బదులు భూభాగాలే వదులుకోవాల్సి వచ్చింది. అలయన్స్ అంటే సమానుల మధ్యే ఉండాలన్న నియమం ఇంగ్లిషులో లేదని దీంతో తెలుస్తుంది. 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు బ్రిటిష్‌వాళ్లు ఇచ్చిన బిరుదు "ఫెయిత్‌ఫుల్ అలై", విశ్వాసపాత్రుడైన మిత్రుడు. మిత్రుడికి "విశ్వాసపాత్రుడు" అని విశేషణం తగిలించాల్సి వచ్చిందంటేనే ఆ మైత్రిలో పైచేయి ఎవరిదో చెప్పనక్కర్లేదు.

యూరప్ పేపరుకు ఒక ముక్క. విప్లవం నాటి ఫ్రాన్స్ మీద, ఆ తర్వాత నెపోలియన్ మీద లేచిన వరస జట్లను చరిత్ర పుస్తకాలు మొదటి కోయలిషన్, రెండో కోయలిషన్ అని ఏడు దాకా లెక్కపెడతాయి. 1882 నాటి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీల ఒప్పందం ట్రిపుల్ అలయన్స్. అందులోని ఇటలీ 1915లో అవతలి పక్షాన చేరింది. ఆ అవతలి పక్షం పేరు ఆంటాంట్, అంటే అవగాహన. ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టకండి, మార్కు పోతుంది.

ప్రశ్న: తెలంగాణ ఉద్యమంలోని జేఏసీ గురించి ఇంగ్లిషులో వ్యాసం రాస్తున్నా. జేఏసీని అలయన్స్ అనాలా, కోయలిషన్ అనాలా? కోయలిషన్ అంటే ప్రభుత్వమే అనిపిస్తుంది.
– సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

జవాబు: కోయలిషన్ అనండి, నిస్సందేహంగా. ఈ అర్థం తెలుగు నిఘంటువుల్లో సరిగా కనబడదు, అందుకే అందరికీ ప్రభుత్వం ఒక్కటే గుర్తొస్తుంది. ఇంగ్లిషులో రకరకాల సంఘాలు ఒక డిమాండు మీద కలిస్తే అది కూడా కోయలిషనే: పర్యావరణ సంఘాల కోయలిషన్, తల్లిదండ్రుల కోయలిషన్. 2009 డిసెంబరులో ప్రొఫెసర్ కోదండరాం కన్వీనర్‌గా ఏర్పడిన జేఏసీ ఈ అర్థానికి అచ్చంగా సరిపోతుంది. పార్టీలున్నాయి, ఉద్యోగ సంఘాలున్నాయి. డిమాండు ఒక్కటే. 2011 సెప్టెంబరు 13 నుంచి అక్టోబరు 24 దాకా 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెలో గని కార్మికుడు, టీచరు, ఆర్టీసీ డ్రైవరు, వకీలు ఒకే పిలుపు మీద పని ఆపారు. "ఎ బ్రాడ్ కోయలిషన్ ఆఫ్" అని మొదలుపెట్టి ఆ వర్గాల పేర్లు వరసగా రాయండి. అలయన్స్ అంటే తప్పు కాదు గానీ, రెండు మూడు పెద్ద సంస్థలు చేతులు కలిపినట్టు ధ్వనిస్తుంది, జనం తరలివచ్చిన ధ్వని రాదు.

పేరు మాత్రం అనువదించకండి. మొదటిసారి "జాయింట్ యాక్షన్ కమిటీ" అని పూర్తిగా రాసి, పక్కన "యాన్ అంబ్రెల్లా బాడీ" అని ఒక వివరణ పెట్టండి. తెలంగాణ బయటి పాఠకుడికి కమిటీ అంటే నలుగురు కూర్చునే బల్ల గుర్తొస్తుంది.

ప్రశ్న: కరెంట్ అఫైర్స్‌లో ఇంటర్నేషనల్ సోలార్ అలయన్స్ ఉంది, విపత్తులను తట్టుకునే మౌలిక వసతులకు కోయలిషన్ ఉంది. రెండూ మనదేశం మొదలుపెట్టినవే. పేర్లు ఎందుకు వేరు?
– పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

జవాబు: సోలార్ అలయన్స్‌ను 2015లో పారిస్ వాతావరణ సదస్సులో భారత్, ఫ్రాన్స్ ప్రకటించాయి. దానికి దేశాలు సంతకం చేసి ఆమోదించే ఒప్పందం ఉంది, అది 2017 డిసెంబరు 6న అమల్లోకి వచ్చింది. ప్రధాన కార్యాలయం గురుగ్రామ్. విపత్తుల కోయలిషన్‌ను 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో మన ప్రధాని ప్రకటించారు. అందులో దేశాలతో పాటు అంతర్జాతీయ సంస్థలు, అభివృద్ధి బ్యాంకులు, ప్రైవేటు రంగం కూడా ఉన్నాయి. అంటే మొదటిది సంతకాల ముడి, రెండోది పని మీద చేరిన రకరకాలవాళ్ల జట్టు. పేర్లు ఇంత చక్కగా అతకడం అరుదు. 2023లో ఢిల్లీ జీ-20 దగ్గర మొదలైన గ్లోబల్ బయోఫ్యూయల్స్ అలయన్స్‌లో దేశాలూ ఉన్నాయి, సంస్థలూ ఉన్నాయి, అయినా పేరు అలయన్సే. కాబట్టి పేరును బట్టి స్వభావం ఊహించకండి, పేరును పేరుగా గుర్తుంచుకోండి.

ప్రశ్న: స్ట్రాటజిక్ అలయన్స్‌కు, జాయింట్ వెంచర్‌కు తేడా?
– ఎంబీఏ విద్యార్థి, హనుమకొండ

జవాబు: జాయింట్ వెంచర్‌లో రెండు సంస్థలు కలిసి మూడో కంపెనీని పెడతాయి. స్ట్రాటజిక్ అలయన్స్‌లో కొత్త కంపెనీ అవసరం లేదు, ఒప్పందం చాలు. ఎయిర్ ఇండియా 2014లో చేరిన స్టార్ అలయన్స్ అలాంటిదే, ఎవరి విమానాలు వాళ్లవే. వ్యాపారాల కలయికకు కోయలిషన్ వాడరు, కంపెనీలు కలిసి ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చేటప్పుడు తప్ప. "టై-అప్" మన పేపర్లలో బాగా నడుస్తుంది, అమెరికా పాఠకుడికి రాసేటప్పుడు తగ్గించండి. అక్కడ ట్రాఫిక్ ఆగిపోవడాన్ని కూడా టై-అప్ అంటారు.

ప్రశ్న: మేం ముగ్గురం అన్నదమ్ములం పొత్తుల బోరు వేసుకున్నం. బ్యాంకు దరఖాస్తులో దాన్ని ఇంగ్లిషులో ఏమని రాయాలె? మా ఆమె మహిళా సమాఖ్యలో ఉన్నది, అది అలయన్సా?
– రైతు, భీమదేవరపల్లి

జవాబు: పొత్తుల బోరుకు "జాయింట్‌లీ ఓన్డ్ బోర్‌వెల్" అని రాయండి. పక్కన ముగ్గురి పేర్లు, ఎవరి వాటా ఎంతో వేయండి. పొత్తు అనే మాట ఒకటే కదా అని అలయన్స్ రాస్తే బ్యాంకు మేనేజరు నవ్వుకుంటాడు. ఆస్తిలో, పంటలో, పెట్టుబడిలో పొత్తుకు ఇంగ్లిషులో "జాయింట్", "షేర్డ్", "పార్ట్‌నర్‌షిప్" అనే మాటలున్నాయి. మహిళా సమాఖ్యకు "ఫెడరేషన్". కింద సంఘాలు, వాటి మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య, ఇలా మెట్లు ఉన్న నిర్మాణం ఫెడరేషన్‌ది. మీ మండలంలోనే ఉన్న ముల్కనూరు సహకార బ్యాంకు లాంటిది "కోఆపరేటివ్".

దరఖాస్తులో ఇంకోచోట "అగ్రికల్చర్ అండ్ అలైడ్ యాక్టివిటీస్" అని కనబడుతుంది. పాడి, కోళ్లు, చేపలు, మేకలు దాని కిందికి వస్తాయి. అక్కడ అలైడ్ అంటే అనుబంధం. రెండు బర్రెలు ఉంటే ఆ గడిలో టిక్కు పెట్టండి.

ప్రశ్న: అలీనోద్యమం ఇంగ్లిషు పేరులో ఉన్నది అలై మాటేనా?
– పేరు రాయని పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: కాదు. అది "అలైన్", వరసలో నిలబడటం. దాంట్లో ఎల్ ఒకటే, చివర పలకని జి ఉంటుంది. 1961లో బెల్‌గ్రేడ్‌లో తొలి శిఖరాగ్ర సభ జరుపుకున్న ఆ దేశాలు రెండు అగ్రరాజ్యాల వరసల్లో దేంట్లోనూ నిలబడబోమన్నాయి. "నాన్-అలైడ్" అని రాస్తే తప్పు, "నాన్-అలైన్డ్" అని రాయాలి.